డాక్టరుకు తెలుగు రాదు, అమ్మకు ఇంకోటి రాదు: మధ్యలో ఎవరు మాట్లాడాలి?

#1 సూర్యాపేట_అబ్బాయి

అందరికీ నమస్కారం. అమ్మకు అరవై దాటాయి, కీళ్ళవాతం (రుమటాయిడ్). ఊళ్ళో మందులు పనిచేయక హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో చూపిస్తున్నాం. డాక్టర్ మంచివాడే, చేయి తిరిగినవాడని అందరూ అంటారు. ఉత్తరాది నుంచి వచ్చాడు, తెలుగు ముక్క రాదు. అమ్మకేమో హిందీ సీరియల్ అయినా డబ్బింగ్‌లో వస్తేనే అర్థమవుతుంది.

ఆయన అమ్మ వేళ్ళు ఒక్కొక్కటే నొక్కి చూస్తూ నాతో ఇంగ్లీషులో మాట్లాడతాడు. అమ్మ ఒకసారి ఆయన మొహం, ఒకసారి నా మొహం చూస్తూ కూర్చుంటుంది. బయటికొచ్చాక లిఫ్ట్ దగ్గర "ఏమన్నాడ్రా?" అంటుంది. అప్పటికి వెనక జనం తోసుకుంటూ ఉంటారు.

వచ్చే నెల ఇంజెక్షన్లు, అదే బయాలజిక్స్, మొదలుపెట్టే మాట మాట్లాడతారట. ఏవో ఫారాల మీద సంతకాలు కూడా ఉంటాయన్నారు. ఆ టైమ్‌కి నేను ఆఫీసు పని మీద పుణెలో ఉంటాను. నాన్న తీసుకెళ్తారు. ఆయన హిందీ "కిత్నా, ఇధర్, ఉధర్" దగ్గర ఆగిపోతుంది. డాక్టర్ని మార్చాలా? ఫారాలు తెలుగులో ఇమ్మని అడగొచ్చా? మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారు?

#2 పంజాగుట్ట_పీజీ

నేను జనరల్ మెడిసిన్ పీజీ. మా బ్యాచ్‌లో రాజస్థాన్, యూపీ, కేరళ వాళ్ళున్నారు. ప్రభుత్వ కాలేజీల్లో ఎంబీబీఎస్ సీట్లలో 15 శాతం, పీజీ సీట్లలో 50 శాతం ఆలిండియా కోటా. కాబట్టి ఇది మీ ఒక్క డాక్టర్ సంగతి కాదు, ఇక ముందు ప్రతి వార్డులోనూ ఉండేదే.

వాళ్ళు నేర్చుకోరు అనుకోకండి. కొద్ది నెలల్లోనే "నొప్పి ఎక్కడ, ఎన్ని రోజుల నుంచి, జ్వరం ఉందా, మోషన్ అయిందా" అని చక్కగా అడిగేస్తారు. చిక్కంతా జవాబు దగ్గరే. అచ్చంపేట నుంచి వచ్చిన పెద్దాయన్ని "ఎప్పటి నుంచి ఆయాసం?" అని అడిగితే ఆయన తారీఖు చెప్పడు. చేను కాడికి పోయిన రోజు, వాన పడ్డ రోజు, మేనల్లుడి పెళ్ళి, అన్నీ చెప్పుకొస్తాడు. అందులో ఎక్కడో "పండుకుంటే దమ్ము వస్తది, లేచి కూసుంటే తగ్గుతది" అన్న మాట ఉంటుంది. గుండె ఫెయిల్యూర్‌కి అదో పెద్ద క్లూ. తెలుగువాడు టక్కున పట్టుకుంటాడు. మా రాజస్థాన్ మిత్రుడు కేస్ షీట్‌లో ఆయాసం అని మాత్రమే రాసి ముందుకెళ్తాడు.

2019లో ఎంబీబీఎస్ సిలబస్ మార్చినప్పుడు మొదటి నెల ఫౌండేషన్ కోర్సులో స్థానిక భాష కూడా చేర్చారు. బాగానే ఉంది, కానీ అది కాలేజీలో చేరిన కొత్తలో. రోగి మంచం దగ్గర నిలబడేసరికి సగం మర్చిపోయి ఉంటారు. పీజీకి నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్ళకు ఆ మాత్రం కూడా ఉండదు.

#3 ముక్కుసూటి

నాకు వేరే అనుమానం. భాష ఒక సాకు. మా దిల్‌సుఖ్‌నగర్‌లో నేను చూపించుకునే డాక్టర్ అచ్చ తెలుగువాడు, గుంటూరు ఆయన. తల ఎత్తడు. కూర్చునేలోపే ప్రిస్క్రిప్షన్ సగం అయిపోతుంది. "గ్యాస్ట్రైటిస్, ఈ కోర్స్ కంప్లీట్ చేసి రివ్యూకి రండి" అంటాడు. ఇది తెలుగా? మా నాన్నకి ఇందులో "ఈ", "చేసి", "రండి" తప్ప ఏమీ అర్థం కాదు. టైమ్ ఇవ్వని డాక్టర్‌కి పది భాషలు వచ్చినా ఒకటే.

#4 గోళీల_కొట్టు

కూకట్‌పల్లిలో నాకు మందుల షాపుంది. సూర్యాపేట తమ్ముడూ, మిగతా చర్చ తర్వాత, ముందు ఇది చూడు. మీ అమ్మగారికి మెథోట్రెక్సేట్ రాశారా? కీళ్ళవాతానికి మొదట రాసేది ఎక్కువగా అదే. అది వారానికి ఒక్కసారి వేసుకునే మాత్ర. రోజూ వేసుకుంటే నోట్లో పుళ్ళు పడతాయి, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికి వస్తుంది. ప్రపంచమంతటా జరిగే పొరపాటు ఇది. ఇంగ్లీషులో డాక్టర్ చెప్పింది ఇంటికి చేరేసరికి "రోజుకొకటి" అయిపోతుంది, ఎందుకంటే మన పెద్దవాళ్ళకు గోళీ అంటేనే రోజూ వేసుకునేది.

నేనేం చేస్తానంటే, స్ట్రిప్ మీద స్కెచ్‌తో పెద్దక్షరాల్లో "ఆదివారం మాత్రమే" అని రాస్తాను. చదవడం రానివాళ్ళకైతే, వాళ్ళ ఊరి సంత ఏ రోజో అడిగి, సంత రోజు వేసుకోమంటాను. ఫోలిక్ యాసిడ్ స్ట్రిప్ విడిగా వేరే కవర్‌లో ఇస్తాను. రెండూ చిన్న గోళీలే, కలిసిపోతే అంతే సంగతులు.

భాష ఒకటే అయినా జరిగేవి ఇంకా ఉన్నాయి. ఆయాసానికి పీల్చే రోటాక్యాప్స్ ఉంటాయి కదా, మిషన్‌లో పెట్టి పీల్చాలి. ఒక పెద్దాయన వాటిని మంచినీళ్ళతో మింగుతున్నాడు. క్యాప్సూల్ అంటే మింగేదే కదా, ఆయన తప్పేముంది? ఇన్సులిన్ సంగతి సరేసరి. 40 బలం సీసాకి ఎర్ర మూత సిరంజి, 100 బలం సీసాకి నారింజ మూత సిరంజి. 100 సీసాలోంచి ఎర్ర మూత సిరంజితో తీస్తే డోసు రెండున్నర రెట్లు ఎక్కిపోతుంది. ఈ ముక్క మూతల రంగు చూపించి చెప్పాలి, ఏ భాషలో అయినా.

#5 సూర్యాపేట_అబ్బాయి

అన్నా, అదే మందు. ఇప్పుడే ఇంటికి ఫోన్ చేశాను. ఆదివారమే వేసుకుంటోందట. ఫోలిక్ యాసిడ్ మాత్రం అదే డబ్బాలో కలిపి పెట్టింది. ఈ రాత్రికే వేరు చేయిస్తా.

#6 షాలిబండ_అమ్మాయి

మా ఇంట్లో కథ తిరగబడి ఉంటుంది. మా అమ్మీకి ఉర్దూ తప్ప రాదు. ఉస్మానియా, పేట్లబుర్జ్ సర్కారీ దవాఖానాల్లో అయితే ఫికర్ లేదు. అక్కడ ఆయమ్మ దగ్గర్నుంచి పెద్ద డాక్టర్ దాకా అందరూ ఉర్దూలో మాట్లాడతారు. అదే ఎల్బీనగర్ అవతల స్పెషలిస్టు దగ్గరికి వెళ్ళామా, నేనే తర్జుమా.

ఇంకో తమాషా. ఉత్తరాది డాక్టర్లు హైదరాబాద్ వచ్చేటప్పుడు "అక్కడ అందరికీ హిందీ వస్తుంది" అనుకుని వస్తారు. చార్మినార్ చుట్టూ నిజమే. కానీ ఈ నగరం ఆసుపత్రులకు వచ్చేవాళ్ళలో చాలామంది నగరం వాళ్ళు కారు కదా. సూర్యాపేట, నల్లగొండ, మహబూబ్‌నగర్, అటు రాయచూరు, బీదర్, నాందేడ్.

పనిలో పనిగా: ఉస్మానియా యూనివర్సిటీ 1918లో ఉర్దూ మీడియంతో మొదలైంది, మెడిసిన్ కూడా ఉర్దూలోనే చెప్పారు. పుస్తకాలు తర్జుమా చేయడానికి దారుల్ తర్జుమా అని ఓ విభాగమే పెట్టారు. డాక్టర్ చదివిన భాష, పాతబస్తీ రోగి మాట్లాడే భాష ఒకటిగా ఉన్న రోజులు ఈ ఊళ్ళోనే ఉండేవి.

#7 ముక్కుసూటి

షాలిబండ గారూ, అప్పుడు కూడా సూర్యాపేట నుంచి వచ్చిన అమ్మ మొహం చూస్తూ కూర్చునేదే కదా.

#8 షాలిబండ_అమ్మాయి

కూర్చునేది. కాదనను.

#9 దుబాసీ_బంజారాహిల్స్

నేను చదివి ఎవరైనా నవ్వుతారేమో. కార్పొరేట్ ఆసుపత్రుల్లో అరబిక్ దుబాసీగా చేస్తాను. సూడాన్, యెమెన్, ఇరాక్, ఒమాన్ నుంచి వచ్చే పేషెంట్లకు ఎయిర్‌పోర్ట్ నుంచి డిశ్చార్జి దాకా వెంట ఉంటాను. వాళ్ళకోసం విడిగా ఇంటర్నేషనల్ డెస్క్ ఉంటుంది, ఫారాలు అరబిక్‌లో ఉంటాయి. ఖార్టూమ్ నుంచి వచ్చినాయనకు దుబాసీ ఉంటాడు. అదే కారిడార్‌లో కూర్చున్న దేవరకొండ తండా ఆమెకు ఉండడు. ఆమె మాట్లాడేది లంబాడీ. ఆమెకు తెలుగు వచ్చేస్తుందని డాక్టర్ అనుకుంటాడు, వచ్చిందని ఆమె తల ఊపుతుంది. డబ్బు కట్టేవాడికి భాష సౌకర్యం, మిగతావాళ్ళకు చుట్టాలు. నా జీతం ఎక్కడినుంచి వస్తుందో తెలిసే ఈ మాట అంటున్నాను.

సూర్యాపేట బ్రదర్, మీ నాన్నగారితో ఎవరు వెళ్ళినా సరే, మా పనిలో మొదట నేర్పేవి చెప్తాను. డాక్టర్‌కీ పేషెంట్‌కీ మధ్యలో కుర్చీ వేసుకోవద్దు, పేషెంట్ పక్కన, కొంచెం వెనక కూర్చోవాలి. అప్పుడు డాక్టర్ చూపు అమ్మ మీదే పడుతుంది. రెండు వాక్యాలు కాగానే ఆపి చెప్పాలి, మొత్తం విని చివర్లో కాదు. పేషెంట్ "నాకు నొప్పి" అంటే "ఆమెకు నొప్పట" అనకుండా "నాకు నొప్పి" అనే చెప్పాలి. అన్నిటికంటే కష్టమైంది, డాక్టర్ అడిగిన ప్రశ్నకు మనకు జవాబు తెలిసినా మనం చెప్పకూడదు. "అమ్మకి నిద్ర పడుతోందా?" అంటే కొడుకు వెంటనే "పడుతుంది సార్" అంటాడు. పక్క గదిలో పడుకునే కొడుక్కి ఏం తెలుసు?

#10 నైట్‌డ్యూటీ_సిస్టర్

దుబాసీ గారు చెప్పిన చివరి మాట పట్టుకుని రాస్తున్నాను. పేరు చెప్పను, నగరంలో ఒక ప్రసూతి ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని.

ఇటుక బట్టీల నుంచి, బిల్డింగ్ పనుల నుంచి ఒడిశా ఆడవాళ్ళు వస్తారు. మొగుడు పనికి పోతాడు. తోడు ఎవరంటే ఇక్కడి బడిలో తెలుగు నేర్చుకున్న పదేళ్ళ కొడుకు. మేడమ్ అడుగుతారు: "నెలసరి ఎప్పుడు ఆగింది? ఇంతకుముందు అబార్షన్ అయిందా?" ఆ పిల్లాడు నేలచూపులు చూస్తాడు. తల్లి ఏదో అంటుంది. వాడు "ఏం లేదంట" అంటాడు. ఆ "ఏం లేదు"ని కేస్ షీట్‌లో రాసుకుని ఆపరేషన్ థియేటర్‌కి పంపుతాం.

పెద్దింటి ఆడవాళ్ళకు కూడా ఇదే. నెలసరి ఆగిపోయిన చాన్నాళ్ళకు మళ్ళీ రక్తం కనిపిస్తోందని కొడుకు ముందు ఏ తల్లీ చెప్పదు. మోకాళ్ళ నొప్పి అంటుంది. ఇంజెక్షన్ చేస్తానని కర్టెన్ వేసి కొడుకుని బయటికి పంపితే అప్పుడు చేయి పట్టుకుని అసలు సంగతి చెప్తుంది. ఆ వయసులో అలా రక్తం కనిపిస్తే క్యాన్సర్ కాదని తేలేదాకా వదలకూడదు. కొడుక్కి ఇంగ్లీషు ఎంత బాగా వచ్చినా ఏం లాభం?

అమెరికాలో, ప్రాణం మీదికొచ్చిన ఎమర్జెన్సీలో తప్ప, పిల్లల చేత తర్జుమా చేయించకూడదని ఆరోగ్య చట్టం 1557 సెక్షన్ నిబంధనల్లోనే ఉంది. మా దగ్గర వార్డులో ఒడియా వచ్చిన ఆయమ్మ ఒకరుంటే అదే పెద్ద వరం. ఆమెను నాలుగు వార్డులవాళ్ళూ లాక్కుంటారు. ఆమె జీతం ఊడ్చినందుకు, తుడిచినందుకు. ఈ మాట్లాడినందుకు ఒక్క రూపాయి లేదు.

#11 కోకాపేట_క్రేన్

సిస్టర్ గారూ, మా సైట్ల నుంచే వస్తారు మీ దగ్గరికి. నేను సేఫ్టీ సూపర్‌వైజర్‌ని. బిహార్, జార్ఖండ్, బెంగాల్, ఒడిశా. ఎవరికైనా దెబ్బ తగిలితే వెంట వెళ్ళేది లేబర్ కాంట్రాక్టర్ మనిషి. రెండు భాషలూ వచ్చేది అతనొక్కడికే. నేను ఓసారి క్యాజువాలిటీలో పక్కనే నిలబడి విన్నాను. కుర్రాడు బెంగాలీలో పైనుంచి పడ్డానని చేత్తో చూపిస్తున్నాడు. మనవాడు డాక్టర్‌కి "రూములో బాత్రూమ్ దగ్గర జారాడు సార్" అని చెప్తున్నాడు. సైట్‌లో పడ్డాడంటే మెడికో లీగల్ కేసు, పోలీసులు, నష్టపరిహారం. పనిలో దెబ్బ తగిలితే రావాల్సిన పరిహారం ఆ ఒక్క వాక్యంతో గాలికి పోతుంది. పైగా ఎత్తు నుంచి పడినవాడికి వెన్నెముక చూడాలి, జారిపడ్డవాడికి మణికట్టు ఎక్స్‌రే తీసి పంపేస్తారు.

నాకు వచ్చిన వచ్చీరాని హిందీలో చెప్పాను, స్కాన్‌కి రాశారు. తర్వాత ఆ కాంట్రాక్టర్ నాతో మాట్లాడటం మానేశాడు. మానేస్తే మానేశాడు.

#12 ముక్కుసూటి

సరే, ఒక మెట్టు దిగుతున్నా. భాష వచ్చినవాడు మధ్యలో ఉంటే చాలనుకున్నాను. ఆ మధ్యవాడు ఎవరి మనిషి అనేది అంతకంటే పెద్ద సంగతిలా ఉంది. కానీ టైమ్ గురించి నేను అన్నమాట మీదే ఉన్నాను.

#13 చేతిభాష

మా అక్కకు పుట్టుకతో వినపడదు. తెలుగువాళ్ళ మధ్యే తెలుగు ఆసుపత్రిలోనే మాకు ఈ గొడవంతా. కాగితం మీద రాసి చూపిస్తారు, చాలనుకుంటారు. సైగల భాష వేరు, రాసే తెలుగు వేరు. అక్కకు రాతలో పొడుగు వాక్యాలు కష్టం. మాస్క్ వేసుకుంటే పెదాలు కూడా కనపడవు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, కౌంటర్‌లో ఆ మాట ఎత్తితే వింతగా చూస్తారు. మేం చేసేది ఒకటే, సైగల భాష వచ్చిన స్నేహితురాలిని వీడియో కాల్‌లో పెడతాం. డాక్టర్లు మొదట విసుక్కుంటారు, రెండు నిమిషాల్లో అలవాటు పడతారు. సూర్యాపేట గారూ, మీరు పుణెలో ఉన్నా వీడియో కాల్‌లో ఉండొచ్చు కదా?

#14 మియాపూర్_క్లినిక్

డాక్టర్లను తిడుతున్న చోట డాక్టర్‌గా దూరుతున్నాను, కాచుకోండి.

ముక్కుసూటి గారూ, సాయంత్రం ఓపీలో బయట అరవై మంది ఉంటారు. ఒక్కొక్కరికీ పావుగంట ఇస్తే చివరివాళ్ళు మర్నాడు పొద్దున ఇంటికెళ్ళాలి. మీరు కూడా వెయిటింగ్‌లో గొణుగుతారు. కానీ ఉన్న మూడు నాలుగు నిమిషాల్లోనే ఒక పని చేయొచ్చు. "అర్థమైందా?" అని అడగడం మానేయడం. ఆ ప్రశ్నకు మన దేశంలో జవాబు ఎప్పుడూ "అయింది సార్" అనే. డాక్టర్ ముందు అర్థం కాలేదనడం మర్యాద కాదని మనవాళ్ళ లెక్క. దానికి బదులు "ఇంటికెళ్ళి ఈ గోళీలు ఎట్లా వేసుకుంటావో చెప్పమ్మా" అంటే మొత్తం బయటపడుతుంది. వైద్యంలో దీన్ని టీచ్ బ్యాక్ అంటారు. అరనిమిషం పని. గోళీల కొట్టు గారు చెప్పిన రోటాక్యాప్ కథ దీంతో ఆగిపోయేది.

ఫోన్‌లో తర్జుమా యాప్‌ల గురించి కూడా చెప్పాలి. గూగుల్‌ది ఉంది, ప్రభుత్వం భాషిణి తెచ్చింది. "మంచినీళ్ళు కావాలా", "రేపు పరగడుపున రండి" లాంటివాటికి వాడుకోండి. డోసుకి, సంతకానికి వద్దు. "ఆపొద్దు"ని "ఆపు" చేసిందంటే పట్టుకునేవాళ్ళు గదిలో ఉండరు.

ఫారాల సంగతి: 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, చికిత్స ఏమిటి, ఎందుకు, వేరే దారులేమున్నాయి, ప్రమాదాలేమిటి అని తగినంత చెప్పాకే సమ్మతి అవుతుంది. అర్థం కాని భాషలో చెప్పింది చెప్పినట్టే కాదు. మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో కూడా రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలనే ఉంది. ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యత చూసే బోర్డు) గుర్తింపు ఉన్న ఆసుపత్రి అయితే రోగికి అర్థమయ్యే భాషలోనే సమ్మతి తీసుకోవాలి, తెలుగు ఫారం అడగండి. చాలాచోట్ల బీరువాలో ఉంటుంది, అడిగితేనే తీస్తారు.

#15 దుబాసీ_బంజారాహిల్స్

తెలుగు ఫారం ఇచ్చారని సంబరపడొద్దు. కొన్ని ఫారాల తెలుగు చదివితే ఇంగ్లీషే నయమనిపిస్తుంది. ఎవరైనా చదివి వినిపించి, వాళ్ళ పేరు, సంతకం కూడా దాని మీద పెట్టేలా చూసుకోండి. పేరు పెట్టాలంటే మనిషి కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని చదువుతాడు.

#16 సూర్యాపేట_అబ్బాయి

అందరికీ థాంక్స్. డాక్టర్ని మార్చట్లేదు, వైద్యం బాగుంది. చిన్నమ్మ కూతురు ఉప్పల్‌లో ఉంటుంది, డిగ్రీ చదువుతోంది, ఇంగ్లీషు బాగా వచ్చు. అది వెళ్తుంది, నేను వీడియో కాల్‌లో ఉంటాను. ఆడపిల్ల ఉంటే అమ్మ చెప్పుకోగలదు కదా, సిస్టర్ గారి మాట చదివాక నాన్న ఒక్కరినే పంపడం సరికాదనిపించింది. వెళ్ళేముందు అమ్మ చేత ప్రశ్నలు చెప్పించి రాసుకుంటాం. ఇప్పటికే ఒకటి చెప్పింది: "సూది వేసుకుంటే ఉపవాసాలు ఉండొచ్చా?" నేనైతే ఇది అడిగేవాణ్ణే కాదు.

బయాలజిక్స్ ముందు వాళ్ళు ఏమడుగుతారో ఎవరైనా చెప్తే అమ్మను ముందే సిద్ధం చేస్తాను.

#17 పంజాగుట్ట_పీజీ

ముఖ్యంగా టీబీ. ఆ ఇంజెక్షన్లు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి, లోపల నిద్రపోతున్న టీబీ లేవొచ్చు. అందుకని ఛాతీ ఎక్స్‌రే, చర్మం మీద మాంటూ పరీక్షో రక్తపరీక్షో చేస్తారు. కామెర్ల వైరస్‌లు, హెపటైటిస్ బి, సి కూడా చూస్తారు. "ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందా?" అని అడుగుతారు. మనవాళ్ళు అక్కడ చాలామంది లేదనే అంటారు, పరువు తక్కువని. పరీక్ష ఒక్కోసారి సరిగ్గా పట్టుకోదు, అప్పుడు ఈ జవాబే ఆధారం. నాన్నగారి ముందు కాకుండా మీ చెల్లి చేత అడిగించండి.

#18 సూర్యాపేట_అబ్బాయి

మా పెద్ద మేనమామకు వచ్చింది. నా చిన్నప్పుడు. ఆయన అప్పుడు మా ఇంట్లోనే ఉండేవాడు. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు.

#19 పంజాగుట్ట_పీజీ

ఇది తప్పకుండా చెప్పాలి. ఏ సంవత్సరం, ఎన్ని నెలలు మందులు వాడారు, పూర్తిగా వాడారా లేదా మామయ్య వాళ్ళింట్లో కనుక్కోండి. పాత కార్డో ఎక్స్‌రేనో ఉంటే ఫొటో తీసి మీ చెల్లి ఫోన్‌లో పెట్టండి, అదే నేరుగా డాక్టర్‌కి చూపించమనండి.

#20 గోళీల_కొట్టు

ఆ ఇంజెక్షన్లు చాలావరకు ఫ్రిజ్‌లో పెట్టాలి తమ్ముడూ, 2 నుంచి 8 డిగ్రీలు. డీప్ ఫ్రీజర్‌లో కాదు, గడ్డకడితే పనికిరాదు. సూర్యాపేట దాకా ఐస్ ప్యాక్ ఉన్న డబ్బా అడిగి తీసుకోండి. ఊళ్ళో కరెంటు ఎలా ఉంటుంది?